బొమ్మ వేసినవాడి పేరు

సూపర్‌హీరో సినిమా అయిపోయాక కూడా థియేటర్లో జనం లేవరు. చివర్లో వచ్చే చిన్న ముక్క కోసం కూర్చుంటారు. ఈలోగా తెర మీద పేర్లు వెళ్లిపోతుంటాయి, ఎవరి ఫోన్లో వాళ్లుంటారు. బయటికొస్తూ ఎవరో ఒకరు "ఇవన్నీ స్టాన్ లీ సృష్టే కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. స్టాన్ లీ మీద నాకు కోపం లేదు. గొప్ప మాటకారి, పాఠకుణ్ణి స్నేహితుడిలా పలకరించిన మార్వెల్ కామిక్స్ సంపాదకుడు. కానీ ఆ పేజీల మీద వెన్నెముక వంగిపోయేలా కూర్చున్నది ఆయన కాదు.

ఆ పేజీలు పుట్టిన, అమెరికాలో 1956తో మొదలైన కాలాన్ని కామిక్స్ అభిమానులు సిల్వర్ ఏజ్ అంటారు. దానికి ముందు ఆ వ్యాపారం చావు తప్పి బయటపడింది. కామిక్స్ పిల్లల్ని నేరాల వైపు నడిపిస్తున్నాయని ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు 1954లో పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం న్యూయార్క్‌లో విచారణ పెట్టింది. బెదిరిపోయిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు: రక్తపిశాచాలు, నడిచే శవాలు కనిపించకూడదు, పోలీసుల్ని, న్యాయమూర్తుల్ని చులకన చేయకూడదు, చివరికి మంచే గెలవాలి. దయ్యాల కథలు పోయిన చోటికి సూపర్‌హీరోలు తిరిగొచ్చారు. డీసీ అనే కామిక్స్ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ‘షోకేస్’ నాలుగో సంచికలో పాత వీరుడు ఫ్లాష్‌ని కొత్త మనిషిగా నిలబెట్టాడు. ఆ ముఖచిత్రం మీద ఫిల్మ్ చుట్టను చీల్చుకుని ఫ్లాష్ మన మీదికే పరుగెత్తుకొస్తాడు. గీసింది కార్మైన్ ఇన్ఫాంటినో. వేగాన్ని గీతల్లో అంత నాజూగ్గా పట్టినవాళ్లు తక్కువ.

డీసీ వీరుల జట్టు బాగా అమ్ముడుపోతోందని, మనకీ ఒకటి కావాలని పోటీ సంస్థ మార్వెల్ యజమాని అడిగితే 1961లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ వచ్చింది. నేను చెప్పాలనుకున్న మనిషి ఇక్కడున్నాడు: జాక్ కర్బీ.

అసలు పేరు జేకబ్ కుర్ట్స్‌బర్గ్. 1917లో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, వలస వచ్చిన యూదుల పేదింట్లో పుట్టాడు. వీధి తగాదాల్లో దెబ్బలు కొట్టి, దెబ్బలు తిని పెరిగాడు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, 1941లో, తన జోడీ జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికా చేత హిట్లర్ దవడ మీద గుద్దించాడు. తర్వాత తనే పదాతి సైనికుడై ఫ్రాన్స్ వెళ్లి, మంచుకు కాళ్లు చెడి తిరిగొచ్చాడు. ఆయన బొమ్మల్లో పిడికిలికి అంత బరువు ఎక్కడిదో నాకు ఇక్కడే అర్థమవుతుంది. ఆ పిడికిలి కాగితంలోంచి మన ముఖం మీదికి వస్తుంది. అంతరిక్షాన్ని ఆయన ఖాళీగా వదల్లేదు. నల్లటి చుక్కలు గుంపులు గుంపులుగా పొంగి, శక్తి మరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఇంటి నేలమాళిగలో, రాత్రుళ్లు, ఒక్కో నెలలో మూడేసి పుస్తకాల పని చేశాడు. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ ఒక్కటే వరసగా 102 సంచికలు గీశాడు.

మార్వెల్‌లో పని జరిగే తీరు కూడా చెప్పాలి. స్టాన్ లీ కథ నాలుగు మాటల్లో చెప్పేవాడు, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. కర్బీ కథంతా బొమ్మల్లో నడిపించి, అంచుల్లో ఏం జరుగుతోందో రాసి పంపేవాడు. ఆ తర్వాతే లీ బుడగల్లో మాటలు నింపేవాడు. 1966లో గ్రహాల్ని మింగే గలాక్టస్ కథ అలాగే గీస్తూ, ఇంతటివాడికి ముందు నడిచే దూత ఉండాలని కర్బీకి తోచి, అలల పలక మీద వెండి మనిషిని నిలబెట్టాడు. సిల్వర్ సర్ఫర్‌ని స్టాన్ లీ మొదటిసారి చూసింది పేజీలు చేతికొచ్చాకే. ఆ సంగతి లీ స్వయంగా చెప్పుకున్నాడు. అలాంటప్పుడు సృష్టి ఎవరిది?

కర్బీకి ముట్టింది పేజీకింత కూలి. బొమ్మలు కంపెనీ దగ్గరే ఉండిపోయాయి, ఎన్నో దొంగల పాలయ్యాయి. 1980లలో చిత్రకారులకు వాళ్ల పేజీలు తిరిగివ్వడం మొదలైనప్పుడు మిగతావాళ్లకు ఒక్క పేజీ ఒప్పందం చాలింది. కర్బీ ముందు మాత్రం నాలుగు పేజీలది పెట్టారు. ఏళ్లు పోరాడితే 1987లో రెండు వేల పేజీలు అటూఇటూగా వచ్చాయి, గీసిన దాంట్లో అది చిన్న భాగం. 1994లో ఆయన పోయాడు. ఆ పాత్రల మీద హక్కుల కోసం పిల్లలకూ మార్వెల్‌కూ మధ్య నడిచిన దావా 2014లో, సుప్రీంకోర్టు గుమ్మం దాకా వెళ్లాక, రాజీతో ముగిసింది.



సిల్వర్ ఏజ్ ఎప్పుడు ముగిసిందన్నది చరిత్రకారుల్లో తెగని వాదన. 1973లో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోవడంతో అని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1970లో జాక్ కర్బీ మార్వెల్‌ని వదిలి డీసీకి వెళ్లిన రోజునే అది ముగిసింది.