మెయిల్ ఎవరి చేతిలో ఆగింది?

టెర్మినల్‌లో మెయిల్‌ఎక్స్ కమాండ్ కొట్టి, సబ్జెక్ట్ ఇచ్చి, రెండు ముక్కలు రాసి కంట్రోల్-డి నొక్కితే ప్రాంప్ట్ తిరిగి వచ్చేస్తుంది. ఎర్రర్ ఏమీ కనబడదు. కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లు అక్కడితో కుర్చీ వెనక్కి వాల్చి "వెళ్లిపోయింది సార్" అంటారు. మెయిల్‌ఎక్స్ చేతిలోంచి వెళ్లిన మాట నిజమే. ఎవరి చేతిలోకి వెళ్లిందో చెప్పగలిగితేనే ఈ పని వచ్చినట్టు లెక్క.

మామూలుగా మెయిల్‌ఎక్స్ తనంతట తాను ఎక్కడికీ పంపదు. సెండ్‌మెయిల్ అనే పేరున్న ప్రోగ్రాంకి అప్పజెప్పి తప్పుకుంటుంది. ఎరిక్ ఆల్‌మన్ బర్క్‌లీలో రాసిన అసలు సెండ్‌మెయిల్ ఇప్పుడు చాలా సర్వర్లలో లేదు, పేరు మాత్రం మిగిలింది. పోస్ట్‌ఫిక్స్ ఉన్న మెషీన్లో ఆ పేరుతో పోస్ట్‌ఫిక్స్ వాళ్ల ప్రోగ్రాం కూర్చుంటుంది. ఎంఎస్‌ఎంటీపీ పెట్టిన చోట అదే పేరు ఎంఎస్‌ఎంటీపీకి లింకు అయి ఉంటుంది. అందుకే కొత్త మెషీన్ చేతికి రాగానే నేను ముందు చూసేది ఆ ఫైలు ఎవరిదని. కాన్ఫిగ్ సంగతి తర్వాత.

ఈ అలవాటు నాకు మా పెద్దాయన నేర్పాడు. సెండ్‌మెయిల్ కాన్ఫిగ్ ఫైలుని అష్టోత్తరంలా చూడకుండా చదివే తరం ఆయనది. నేను చేరిన కొత్తలో కాన్ఫిగ్ ఫైళ్ల మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "ముందు సర్వర్‌తో నువ్వు మాట్లాడరా, తర్వాత ప్రోగ్రాం చేత మాట్లాడిద్దువుగాని" అని టెల్‌నెట్ తెరిచి పోర్ట్ 25 ముందు కూర్చోబెట్టేవాడు. హెలో చెప్పడం, మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టు, డేటా, చివర ఒక లైన్లో ఒంటరిగా ఒక చుక్క. జాన్ పోస్టెల్ 1982లో ఆర్‌ఎఫ్‌సీ 821గా రాసిపెట్టిన ఆ సంభాషణ వెన్నెముక నేటికీ అదే. నేను చేత్తో టైపు చేసిన మెయిల్ ఆయన ఇన్‌బాక్స్‌లో పడ్డ రోజు, "ఇప్పుడు లాగ్‌లో చూపించు" అన్నాడు. మెచ్చుకోలు అంతే. ఆ తర్వాత ఏ మెయిల్ రాకపోయినా ఆయన అడిగేది ఒకటే: "ఆఖరున ఎవరి చేతిలో ఉంది?"

ఇప్పుడు మీ సర్వర్ నేరుగా అవతలివాళ్ల పోర్ట్ 25 తలుపు తట్టే రోజులు పోయాయి. క్లౌడ్ కంపెనీలు చాలావరకు బయటికి వెళ్లే 25ని మూసే ఉంచుతాయి. తెరిపించుకున్నా, ఊరూ పేరూ లేని ఐపీ నుంచి వచ్చిన మెయిల్‌ని ఎవరూ లోపలికి రానివ్వరు. కాబట్టి లాగిన్ ఉన్న ఒక రిలే సర్వర్‌కి 587 మీదో 465 మీదో అప్పగించాలి. దీన్ని మెయిల్‌ఎక్స్‌లోనే పెట్టొచ్చు. ఇంటి డైరెక్టరీలో ఉండే మెయిల్‌ఆర్‌సీ ఫైల్లో పాతకాలం మెయిల్‌ఎక్స్‌కి ఎస్‌ఎంటీపీ, యూజర్, పాస్‌వర్డ్ విడివిడిగా సెట్ చేసేవాళ్లం. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో దాని స్థానంలోకి వచ్చిన ఎస్-నెయిల్‌లో ఎంటీఏ అనే ఒకే వేరియబుల్ ఉంటుంది, అందులో యూఆర్‌ఎల్ లాగా మొత్తం రాయొచ్చు. యూజర్‌నేమ్ ఈమెయిల్ అడ్రస్ అయితే అందులోని ఎట్ గుర్తుని పర్సెంట్ 40 అని రాయాలి. లేదంటే పేరు ఎక్కడ ముగిసిందో, సర్వర్ ఎక్కడ మొదలైందో ప్రోగ్రాంకి తెలియదు. పాస్‌వర్డ్‌లో ఇలాంటి గుర్తులున్నా ఇదే తంటా.

నన్నడిగితే మెయిల్ రాసే ప్రోగ్రాంకి రవాణా సంగతి తెలియకపోవడమే మంచిది. ఒక్క యూజర్ మెషీన్ అయితే ఎంఎస్‌ఎంటీపీ, పది స్క్రిప్టులు మెయిల్ పంపే సర్వర్ అయితే పోస్ట్‌ఫిక్స్. అప్పుడు మెయిల్‌ఎక్స్ అయినా, మట్ అయినా, క్రాన్ అయినా అందరిదీ ఒకటే దారి. పాస్‌వర్డ్ మారితే ఒక్క చోట మారిస్తే సరిపోతుంది.

ఎంఎస్‌ఎంటీపీ ఫైల్ పది లైన్లకు మించదు. హోస్ట్, పోర్ట్, ఫ్రమ్, ఆథ్, యూజర్, టీఎల్‌ఎస్, లాగ్‌ఫైల్. పాస్‌వర్డ్‌ని అందులో రాయకండి. పాస్‌వర్డ్‌ఎవాల్ అనే లైన్ ఉంది, జీపీజీతో తాళం వేసిన ఫైల్ నుంచి అదే తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్ ఫైల్లోనే ఉంచి పర్మిషన్ 600 చెయ్యకపోతే ఎంఎస్‌ఎంటీపీ పని చెయ్యనని మొండికేస్తుంది. ఇలా మొండికేసే సాఫ్ట్‌వేర్ అంటే నాకు గౌరవం.

పోర్టుల దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తడబడతారు. 587 మీద మాట మామూలుగా మొదలై, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అన్నాక గుప్తంలోకి వెళ్తుంది. 465 మీద మొదటి అక్షరం నుంచే గుప్తం. మధ్యలో కొన్నేళ్లు పదవి పోగొట్టుకున్న ఈ 465కి 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8314 మళ్లీ పట్టం కట్టింది. మా కుర్రాడొకడు పోర్ట్ 465కి మార్చి, టీఎల్‌ఎస్-స్టార్ట్‌టీఎల్‌ఎస్ లైన్‌ని ఆఫ్ చెయ్యకుండా వదిలేశాడు. ఎర్రర్ రాదు, మెయిల్ పోదు, అలా నిలబడిపోతుంది. సర్వర్ స్వాగతం చెబుతుందేమోనని క్లయింట్, క్లయింట్ గుప్త సంభాషణ మొదలుపెడుతుందేమోనని సర్వర్, ముందు తమరంటే ముందు తమరని రైలు పోగొట్టుకున్న లక్నో నవాబుల్లా కూర్చుంటాయి. వాడు ఫైర్‌వాల్ టీమ్‌కి టికెట్ కూడా వేసేశాడు పాపం.

అనుమానం వస్తే చేత్తో మాట్లాడటమే మందు. ఇప్పుడు టెల్‌నెట్ చాలదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్-క్లయింట్ కావాలి. మొన్నామధ్య మా టీమ్‌లో చేరిన గుంటూరు అమ్మాయి దాంతో లాగిన్ దాకా చక్కగా వెళ్లింది. ఆథ్ లాగిన్ అనగానే సర్వర్ 334 అని గజిబిజి అక్షరాలు ఇస్తుంది, బేస్64 విప్పితే అది యూజర్‌నేమ్ అడుగుతున్నట్టు. జవాబు కూడా బేస్64లోనే ఇవ్వాలి. ఎకో కమాండ్‌తో తయారు చేసేటప్పుడు మైనస్ ఎన్ మరిస్తే చివర కొత్త లైను కూడా పాస్‌వర్డ్‌లో కలిసిపోతుంది, సర్వర్ 535 అని మొహాన కొడుతుంది. అమ్మాయి అది కూడా దాటింది. మెయిల్ ఫ్రమ్‌కి 250 వచ్చింది. ఆ తర్వాత పెద్దక్షరాల్లో ఆర్‌సీపీటీ టు అని కొట్టగానే తెర మీద రీనెగోషియేటింగ్ అని పడి కథ అడ్డం తిరిగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే. సర్వరే చెడిపోయిందని సాయంత్రం దాకా దానితో పోట్లాడింది.

"చిన్నక్షరాల్లో కొట్టి చూడమ్మా" అన్నాను.

ఎస్-క్లయింట్‌లో లైన్ మొదట్లో పెద్ద ఆర్ పడితే అది సర్వర్‌కి వెళ్లదు. గుప్త సంభాషణని కొత్తగా మొదలుపెట్టమని ఆ ప్రోగ్రాంకే ఆజ్ఞ అవుతుంది. పెద్ద క్యూ పడితే ఏకంగా బయటికి వచ్చేస్తుంది. ఎస్‌ఎంటీపీకి పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా ఒకటే కాబట్టి చిన్నవే వాడండి, లేదా మైనస్ క్వయట్ పెట్టండి. ఈ కిటుకు పెద్దాయనకి కూడా ఎవరో చెప్పినదే.

పాస్‌వర్డ్ సరైనదే అయినా 535 వస్తే అవతల ఎవరున్నారో చూడండి. జీమెయిల్ అయితే మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రాంలని రానివ్వడం 2022 మే 30 నుంచి ఆపేసింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

పోస్ట్‌ఫిక్స్ దారిలో రెండే జాగ్రత్తలు. రిలేహోస్ట్ పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టండి, లేకపోతే ఆ పేరుకి ఎంఎక్స్ రికార్డు వెతుక్కుంటూ వేరే సర్వర్‌కి పోతుంది. పాస్‌వర్డ్ ఫైల్ మార్చాక పోస్ట్‌మ్యాప్ కొట్టండి. పోస్ట్‌ఫిక్స్ చదివేది మీరు మార్చిన టెక్స్ట్ ఫైల్‌ని కాదు, దాన్నుంచి తయారైన డేటాబేస్‌ని. ఆగిపోయిన మెయిళ్లు మెయిల్‌క్యూ కొడితే కనిపిస్తాయి. మామూలు సెట్టింగుల్లో 5 రోజులు ప్రయత్నించి, ఆపైన తిప్పి పంపేస్తుంది.

టెర్మినల్‌లో పనిచేసి క్రాన్‌లో చెడే మెయిల్ గురించి వేరే చెప్పాలి. ఒక క్లయింట్‌కి రోజూ పొద్దున్నే తెలుగులో రిపోర్ట్ వెళ్లాలి. చేత్తో స్క్రిప్ట్ నడిపితే అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. క్రాన్ నుంచి వెళితే బాడీ ఖాళీ, పక్కన బిన్ అనే తోకతో ఒక అటాచ్‌మెంట్. క్రాన్‌కి మన షెల్ వాతావరణం ఉండదు, లాంగ్ వేరియబుల్ సెట్ అయి ఉండదు. ఈ అక్షరాలు ఏ లిపివో తెలియక పాత మెయిల్‌ఎక్స్ దాన్నంతా గుర్తుతెలియని బైనరీగా కట్టి పంపింది. స్క్రిప్ట్ పైన లాంగ్‌ని యూటీఎఫ్-8కి ఎక్స్‌పోర్ట్ చేశాం, తెలుగు తెలుగులా వెళ్లింది. విండోస్‌లో తయారైన ఫైల్లో క్యారేజ్ రిటర్న్‌లు ఉన్నా ఇదే వేషం వేస్తుంది. డిస్ట్రో మారినప్పుడు మైనస్ ఏ ని కూడా చూసుకోండి. ఒక మెయిల్‌ఎక్స్‌లో అది అటాచ్‌మెంట్, డెబియన్ బీఎస్‌డీ-మెయిల్‌ఎక్స్‌లో అదే హెడర్.

ఇంకొకటి, పంపేవారి అడ్రస్ రెండు చోట్ల ఉంటుంది. ఫ్రమ్ హెడర్‌లో ఉన్నది చదివేవాళ్ల కోసం. ఎన్వలప్‌లో ఉన్నది సర్వర్ల కోసం, తిరుగుటపా వచ్చేది దానికే. అది రూట్ ఎట్ లోకల్‌హోస్ట్ అని ఉంటే రిలే తోసిపుచ్చుతుంది, తోసిన సంగతి మీదాకా రాదు. మెయిల్‌ఎక్స్‌లో మైనస్ ఆర్‌తోనో, ఎంఎస్‌ఎంటీపీలో ఫ్రమ్ లైన్‌తోనో నిజమైన అడ్రస్ పెట్టండి. ఆ మెయిల్‌బాక్స్‌ని ఎవరో ఒకరు చదివే ఏర్పాటు కూడా చెయ్యండి.

ఇవన్నీ అయ్యాక లాగ్ తెరవండి. 250 పక్కన అవతలి సర్వర్ ఇచ్చిన క్యూ నంబరు ఉంటుంది, దాన్ని రాసిపెట్టుకోండి. "మాకేం రాలేదండీ" అని అవతలి అడ్మిన్ అన్నప్పుడు తేదీ, టైము, ఆ నంబరు చదివి వినిపిస్తే మాట తీరు మారుతుంది. కాసేపటికి స్పామ్‌లో ఉందని ఫోన్ చేస్తారు. అక్కడి నుంచి మొదలయ్యేది ఎస్‌పీఎఫ్, డీకిమ్ పంచాయితీ. దానికి మీ డీఎన్‌ఎస్ చూసేవాళ్లు కావాలి, ముందే ఒకసారి టీకి పిలిచి పరిచయం చేసుకోండి.