కొన్నేళ్ళే ఆడితే గొప్పోడు కాదా?

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి.

హాస్టల్లో ఉన్నప్పుడు కబడ్డీలో నేను లెఫ్ట్ కార్నర్. రెండేళ్ళు బాగా ఆడాను, తర్వాత మోకాలు పోయింది. మొన్న ఊళ్ళో ఒక తాత "రెండేళ్ళే కదరా నువ్వు ఆడింది, అదో ఆటా" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఇదే గొడవ అమెరికా ఫుట్‌బాల్లో కూడా ఉంది.

ఆ ఆట మన ఫుట్‌బాల్ లాంటిది కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ అందుకుంటాడు. ఆ రిసీవర్‌ని అంటిపెట్టుకుని బంతి అందకుండా చేసేవాడే కార్నర్‌బ్యాక్.

నామ్‌డి అసోముగా అని ఓక్లండ్ రైడర్స్ కార్నర్‌బ్యాక్ ఉండేవాడు. 2006లో ఎదుటి జట్టు విసిరిన బంతులు 8 లాక్కున్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఏడాదికి ఒక్కటే. కాగితం మీద చూస్తే ఆట పడిపోయిందనుకుంటాం. అసలు సంగతేంటంటే, అతనున్న వైపు బంతి విసరడమే దాదాపు మానేశారు! 2008లో, 2010లో లీగ్ మొత్తంలోంచి ఏరిన ఆల్-ప్రో మొదటి జట్టులో చోటు దక్కింది. 2011లో ఫిలడెల్ఫియా జట్టుకి వెళ్ళాక మునుపటి ఆట కనబడలేదు. 2013లో రిటైరయ్యాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి మాత్రం ఇంకా తీసుకోలేదు.

వద్దనేవాళ్ళ మాటా కొట్టిపారెయ్యలేం. చాలా ఏళ్ళు నిలబడటం కూడా గొప్పే కదా. డారెల్ రెవిస్ 2012లో మోకాలు దెబ్బతిన్నా మళ్ళీ లేచి, న్యూ ఇంగ్లండ్ జట్టుతో సూపర్ బౌల్ గెలిచాడు. 2023లో మొదటి అవకాశంలోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అసోముగా ఉన్న ఎనిమిదేళ్ళలో రైడర్స్ ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కే పోలేదు. కానీ జట్టు ఓడితే ఆ లెక్క ఒక్కడి మీద రాస్తామా?

అదే హాల్లో గేల్ సేయర్స్ ఉన్నాడు. మోకాళ్ళు దెబ్బతిని మొత్తం 68 మ్యాచులే ఆడాడు, అయినా 1977లో తీసుకున్నారు. అతను బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, గొప్పతనం కంటికి కనబడింది. కార్నర్‌బ్యాక్ గొప్పతనం మాత్రం జరగనివ్వని దాంట్లో ఉంటుంది. దాన్ని ఎవరు లెక్కపెడతారు?

మనకి ఇంకో సంగతి. 1963లో ఆ హాల్లోకి తీసుకున్న మొదటి బ్యాచ్‌లోనే జిమ్ థోర్ప్ ఉన్నాడు. శాక్ అండ్ ఫాక్స్ తెగ ఆదివాసీ బిడ్డ. అక్కడ కాలేజీల్లో అందరికన్నా మంచి డిఫెన్సివ్ బ్యాక్‌కి, అంటే కార్నర్‌బ్యాక్, సేఫ్టీ ఆడేవాళ్ళలో ఒకరికి, ఏటా ఇచ్చే అవార్డు ఆయన పేరు మీదే ఉంది.

నా మాటైతే, అసోముగాని తీసుకోవాలి. ఎన్నేళ్ళు ఆడాడన్నది రెండో ప్రశ్న. ఆడినప్పుడు ఎదుటోళ్ళు ఎంత భయపడ్డారన్నది మొదటిది.

నేను అంతటోణ్ణని కాదులెండి. కానీ ఆ తాతని ఒక్కటి అడగాలనుంది: ఆ రెండేళ్ళూ నేనున్న మూలకి రైడర్లు ఎన్నిసార్లు వచ్చారో గుర్తుందా తాతా?

మీరేమంటారు?