నాట్ల పాటకు డాక్టరేటు

పరిశోధన అంటే పరీక్షనాళికలే అనుకునే మా బి.యస్సీ. మిత్రులకు బిరుదురాజు రామరాజుగారి పేరు చెబితే, "ఏం సబ్జెక్టు?" అంటారు. పాటల సబ్జెక్టు! వరంగల్లు ప్రాంతంలోని దేవనూరులో 1925లో పుట్టిన ఆయన, పల్లెజనం నోళ్లలో ఉన్న పాటలు సేకరించి, జానపద గేయసాహిత్యంమీద ఉస్మానియాలో డాక్టరేటు పుచ్చుకున్నారు. తెలుగులో ఆ విశ్వవిద్యాలయానికి అదే మొదటి పిహెచ్.డి. కావ్యాలూ ప్రబంధాలే సాహిత్యమనే పండితులున్న రోజులవి. నాట్లేసే ఆడవాళ్ల పాటనూ, ఇసుర్రాయి పాటనూ వాటి సరసన కూర్చోబెట్టాలంటే గుండె కావాలి మరి! తర్వాత అక్కడే ఆచార్యులై, ఎన్నో తాళపత్రాలు కూడా సేకరించి, 2010లో కన్నుమూశారు.

మా ల్యాబులో నమూనా ఎక్కడ తీశామో రాయకపోతే మార్కులుండవు. పాటకూ అంతే అనిపిస్తుంది నాకు. ఎవరు, ఏ పనిలో పాడారో తెలియకపోతే అది ఉత్త మాటల మూట.

మా ఊరికి నాటు మిషను వచ్చింది. దాని రొదలో పాటెక్కడ? నాయనమ్మకు డెబ్బై దాటాయి. దిల్‌సుఖ్‌నగర్ గదిలో కూచుని వగచి లాభమేమి? సంక్రాంతికి, యాసంగి నాట్లప్పుడు, ఎల్.బి.నగర్‌లో బస్సెక్కి నోటుబుక్కూ సెల్‌ఫోనూ పట్టుకుపోతున్నాను. ఫోనులో సంగతి చెబితే నాయనమ్మ అన్నది: "ఊకె కూసోని పాడుమంటె రాదు బిడ్డా, మడిల దిగాలె."