నీటికి హద్దులేవి?

పల్లెలో స్థలం కొనేటప్పుడు హద్దురాళ్లు చూస్తాం, దారి ఎన్ని అడుగులో కొలుస్తాం. వాన పడితే నీళ్లెటు పోతాయని అడగం. గోదావరి డెల్టాలో అడగాల్సింది అదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పొలానికి నీరు రావడం తేలికైంది. బల్లపరుపు నేల మీద ఎక్కువైన నీరు బయటికి పోవడమే కష్టం.

ఇంటి ముందు కాలువ మీద గ్రావెల్ పోసి దారి వేసుకుంటాం. కింద తూము పెట్టినా సన్నదే పెడతాం. కొబ్బరి డొక్క ఒకటి అడ్డం పడి, దానికో ప్లాస్టిక్ సంచి చుట్టుకుంటే చాలు, ఎగువ ఇంటి పెరడు చెరువే. దారి నడుమ కాస్త ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉంటే నీరు నిలవదు. నిలిచిన చోటల్లా చక్రం గుంత చేస్తుంది.

మృగశిర కార్తెకు ముందే పూడిక తీయాలి. ఆ మట్టిని గట్టు అంచునే పోస్తే మొదటి జడివానకే తిరిగి కాలువలోకి జారుతుంది.

హద్దులు మన దస్తావేజుల్లోవి, నీటికవి పట్టవు. నా పెరడు ఆరేది దిగువ ఇంటివాళ్ల తూమును బట్టి. అందుకే నాకనిపిస్తుంది: పెరడు మెరక చేయించే డబ్బులో కొంత ఆ తూముకు పెట్టడమే తెలివైన ఖర్చు.