దువ్వెన పళ్ళ మొదట్లో



నా బల్ల మీద బైబిలు పక్కన ఒక టేకు దువ్వెన ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. నా తల మీద దువ్వడానికి ఎన్ని వెంట్రుకలు మిగిలాయో మీకు తెలిసిందే కదా! అది నేను దువ్వుకోవడానికి పెట్టుకున్నది కాదు. ఎందుకు పెట్టుకున్నానో ఈ వారం చెప్పాలనిపించింది. చెప్పడం నాకు సులువుగా లేదు, అయినా చెబుతాను.

రెండేళ్ళ కింద మే నెలలో మన మందిరంలో వి.బి.ఎస్. జరిగింది. పిల్లలు ఎండలో నడిచి, చెమటతో, చెదిరిన జుట్టుతో వచ్చేవాళ్ళు. చూడడానికి నీటుగా ఉండాలని నేనే లక్షెట్టిపేట అంగడిలో ఒక అద్దం, ఒక ప్లాస్టిక్ దువ్వెన కొని వరండాలో మేకుకు తగిలించాను. దువ్వెన ఎవరూ ఎత్తుకుపోకుండా దారం కూడా కట్టాను. పిల్లలు వరుసగా నిలబడి తల దువ్వుకొని లోపలికి వస్తుంటే నాకు ముచ్చటగా ఉండేది.

నాలుగో రోజు పాట నేర్పుతుండగా, ముందు వరుసలో కూర్చున్న ఒక పాప నెత్తి మీద పేను పాకుతూ కనబడింది. అయిదో తరగతి పిల్ల. నేను పాట ఆపి, "తలల పేండ్లు ఉన్నోళ్ళు రేపటి నుంచి శుభ్రం చేసుకొని రావాలె, లేకపోతే అందరికీ అంటుకుంటయి" అన్నాను. పేరు పెట్టి అనలేదు. కానీ నా చూపు ఎక్కడ ఉందో నలభై మంది పిల్లలు చూశారు. పక్కన కూర్చున్న ఇద్దరు జరిగి కూర్చున్నారు. ఆ పాప తల దించుకుంది. నేను పాట మళ్ళీ ఎత్తుకున్నాను.

తెల్లారి ఆ పాప రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఆదివారం వాళ్ళ అమ్మ కూడా ఆరాధనకు రాలేదు.

ఆ రాత్రి నా భార్య వరండాలో ఉన్న దువ్వెన తెచ్చి బల్బు కింద పట్టుకొని నన్ను పిలిచింది. "ఒకసారి చూడండి" అంది. పళ్ళ కొనలు తళతళ మెరుస్తున్నాయి. పళ్ళ మొదట్లో మాత్రం నూనె, చెమట, దుమ్ము కలిసి నల్లటి మడ్డి పేరుకుపోయి ఉంది. అందులో రెండు మూడు రకాల వెంట్రుకలు చిక్కుకొని ఉన్నాయి. "నాలుగు రోజుల నుంచి ఇదే అందరి తలల మీద తిరిగింది. దీన్ని మేకుకు తగిలించింది మీరే. మీరు మాత్రం ఆ పిల్ల వైపు చూశారు" అంది. ఇంకేమీ అనలేదు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మన ఊరి ఏ.ఎన్.ఎం. సిస్టర్‌ను అడిగితే చాలా సంగతులు చెప్పింది. పేన్లు మురికి వల్ల పుట్టవు, రోజూ తలంటుకునే తలకైనా పడతాయి. ఎక్కువగా తలకు తల తగిలినప్పుడే అంటుకుంటాయి. దువ్వెన వల్ల అంటుకోవడం తక్కువే గాని, లేకపోలేదు. పెద్ద పేను 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. తల మీద నుంచి కింద పడితే రెండు రోజులకు మించి బతకదు. ఈరు మాత్రం వెంట్రుక మొదట్లో జిగురుతో గట్టిగా అతుక్కొని, వారం నుంచి తొమ్మిది రోజుల్లో పగులుతుంది. అందుకే ఒక్కసారి దువ్వి ఊరుకుంటే లాభం లేదు, రెండు మూడు రోజులకోసారి చొప్పున రెండు మూడు వారాలు దువ్వాలి. ఇంతకాలం పేను అంటే అశుభ్రత, అశుభ్రత అంటే తప్పు అనుకున్నవాణ్ణి నేను. ఆ అనుకోవడమే తప్పు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. సులువుగా కడగడానికి వీలైన దువ్వెన ఒకటి చేయించాలి. ఇప్పుడు తలుచుకుంటే, ఆ తల్లి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగే పనిని వాయిదా వేయడానికే దువ్వెన పని ఎత్తుకున్నానేమో అనిపిస్తుంది.

జగిత్యాల పక్క ఊర్లో నా చిన్నప్పుడు పూసలోళ్ళు గంప ఎత్తుకొని వాడకట్టుకు వచ్చేవాళ్ళు. పూసలు, పిన్నీసులు, సూదులు, దువ్వెనలు, రెండు వైపులా సన్నటి పళ్ళుండే పేండ్ల దువ్వెనలు అమ్మేవాళ్ళు. పుస్తకాల్లో దాన్ని ఈరుపెన అంటారు. మా అమ్మ దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి గోడ సందులో దోపేది. పూసలామె వస్తే అవి ఇచ్చి పిన్నీసులు తీసుకునేది. ఆదివారం పొద్దున ఒక దారం కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొస కాలి వేళ్ళ మధ్య పట్టుకొని, దువ్వెన పళ్ళ సందుల్లో ఆ దారాన్ని ఒక్కొక్కటిగా పోనిచ్చి మడ్డి తీసేది. అంత ఓపికగా ఎందుకు తీసేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మన ఊరి వడ్ల పెద్దయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన మన సంఘస్థుడు కాడు గాని నన్ను తమ్ముడిలాగే చూస్తాడు. పలక మందమున్న టేకు ముక్క తీసుకొని రంపంతో పళ్ళు కోశాడు. తొందరపెట్టింది నేనే. కట్టె చిన్నదని అడ్డంగా కోయించాను. సాండ్ పేపర్ పెట్టేసరికి నాలుగు పళ్ళు ఊడి చేతిలోకి వచ్చాయి. "కట్టెకు పోగు ఉంటది అయ్యగారూ. పోగు ఎంబడి కోస్తె పండ్లు నిలుస్తయి, అడ్డం కోస్తె ఇరుగుతయి" అన్నాడు.

రెండోది పోగు వెంబడే కోశాడు. పళ్ళు నిలిచాయి. దానికి కొబ్బరినూనె, దుమ్ము పూసి కడిగి చూశాం. కొనలు, మధ్య భాగం వెంటనే శుభ్రమయ్యాయి. మొదట్లో మురికి అలాగే ఉంది. రంపం ఆగిన చోట చదరంగా రెండు మూలలు ఏర్పడతాయి. ఆ మూలల్లో కట్టె నార లేచి ఉంటుంది. బ్రష్షు పోచ అంతదూరం పోదు. పెద్దయ్య దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. మూడోసారి ముందుగా బర్మాతో వరుసగా రంధ్రాలు పొడిచి, తర్వాత కొన వైపు నుంచి ఆ రంధ్రం దాకా రంపం దించాడు. ఇప్పుడు ప్రతి సందు అడుగున మూల లేదు, గుండ్రంగా ఉంది. పళ్ళు కూడా ఎడంగా, కొనల వైపు కొంచెం సన్నబడేలా చెక్కాడు. గరుకు పోయేదాకా దారానికి సన్నటి ఇసుక అద్ది ప్రతి సందులో లాగాడు. ఈసారి పాత టూత్ బ్రష్షుతో సబ్బునీళ్ళలో రెండు సార్లు రుద్దగానే మడ్డి మొత్తం వచ్చేసింది.

అయితే దానికీ హద్దు ఉంది. కట్టె దువ్వెనను వేడి నీళ్ళలో నానబెడితే ఉబ్బి, ఆరినాక పగులుతుంది. త్వరగా కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టి, కొంచెం నూనె రాయాలి. పేన్లు తీసేంత సన్నటి సందులు మన రంపంతో కోయలేం. అందుకు మంచిర్యాలలో పూర్తిగా స్టీలుతో చేసిన పేండ్ల దువ్వెన కొన్నాను. దాన్ని 54 డిగ్రీల సెల్సియస్ దాటిన నీళ్ళలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో, అయిదు నుంచి పది నిమిషాలు ఉంచితే చాలు.

మూడో దువ్వెన జేబులో పెట్టుకొని ఆ పాప ఇంటికి వెళ్ళాను. మనసులో ఒక గర్వం కూడా ఉంది, దాచుకోను. ఇంత కష్టపడ్డానని చెప్పవచ్చు అనుకున్నాను.

పాప గడపలో కూర్చొని ఉంది. తలకు చున్నీ చుట్టుకుంది. నన్ను చూసి లేవబోతే చున్నీ జారింది. గుండు.

నేను అన్న మాట ఇంటికి చేరిన రోజే వాళ్ళ అమ్మ గుండు చేయించిందట. జేబులోంచి సగం తీసిన దువ్వెన నా చేతిలోనే ఉండిపోయింది. ఆ తల్లి దాన్ని చూసింది. "ఇప్పుడు దువ్వెన తెచ్చినవా అయ్యగారూ?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. "పేండ్లు మా బిడ్డ ఒక్కదానికే ఉండెనా?" అని అడిగింది.

నా దగ్గర వాక్యం ఏదీ రాలేదు. "తప్పు నాదమ్మా" అన్నాను. పాప ముందు కింద కూర్చొని, "బిడ్డా, ఆ దువ్వెన అక్కడ పెట్టింది నేను. నేనే కడగలేదు. నిన్ను అందరి ముందు చూసి అలా అనకూడదు" అన్నాను. పాప ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ అమ్మ చాలాసేపటికి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అదే మాటను ఆ ఆదివారం సంఘమంతటి ముందు చెప్పాను. మీలో చాలామంది ఆ రోజు విన్నారు. అందరి ముందు అన్న మాటను చాటుగా వెనక్కి తీసుకోవడం న్యాయం కాదు కదా.

తర్వాత కొన్నాళ్ళకు లాకీషు దువ్వెన గురించి చదివాను. లాకీషు మీకు తెలిసిన ఊరే. యెహోషువ 10వ అధ్యాయంలో ఉంది. హిజ్కియా రోజుల్లో అష్షూరు రాజు దండు దిగింది అక్కడే. అక్కడ జరిగిన తవ్వకాల్లో 2016లో ఒక చిన్న ఏనుగు దంతపు దువ్వెన దొరికింది. పొడవు 3.5 సెంటీమీటర్లు, వెడల్పు 2.5 సెంటీమీటర్లు. ఒక వైపు 6 లావు పళ్ళు, మరో వైపు 14 సన్న పళ్ళు, అచ్చం మన ఈరుపెన లాగే. దాని మీద గీసిన 17 అక్షరాలను అయిదేళ్ళ తర్వాత గాని ఎవరూ గమనించలేదు. 2022లో ఆ సంగతి ప్రకటించారు. తల మీద, గడ్డంలో ఉన్న పేన్లను ఈ దంతం తీసివేయాలని కోరే ఒక చిన్న వాక్యం అది. దాని కాలం క్రీ.పూ. 1700 ప్రాంతం అని పరిశోధకులు లెక్క కట్టారు. కనాను లిపిలో దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదేనట.

ఇందులో రెండు సంగతులు నన్ను ఆపాయి. ఏనుగు దంతం కనాను దేశంలో దొరికేది కాదు, బయటి నుంచి తెప్పించుకోవాలి. అంటే ఆ దువ్వెన పేదవాళ్ళది కాదు. దాన్ని కొనగలిగిన ఇంట్లో కూడా పేన్లు ఉన్నాయి. రెండోది, ఆ దువ్వెన పంటి దగ్గర పేను అవశేషం ఇంకా ఉంది. మూడువేల ఏడువందల సంవత్సరాలు! దాన్ని వాడినవాళ్ళు తల బాగు చేసుకున్నారు గాని, దువ్వెనను మాత్రం పూర్తిగా శుభ్రం చేయలేదు.

ప్రియులారా, మన ప్రభువు పరిసయ్యులతో గిన్నె గురించి చెప్పినప్పుడు బయట కాదు, ముందు లోపల శుభ్రం చేసుకోమన్నాడు. ఆ మాట మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ గిన్నె ఎదుటివాడిదే అన్నట్టు చెప్పాను. సేవకుడు దువ్వెన లాంటివాడు. పది మంది తలల్లో చిక్కులు తీస్తాడు. తీసిన కొద్దీ ఆ మురికి తన పళ్ళ మొదట్లో చేరుతుంది. మెచ్చుకోళ్ళు, అధికారం, 'నాకు తెలుసు' అనే ధీమా అలా చేరేవే. కొనలు మెరుస్తూనే ఉంటాయి. ఎవరైనా వెలుగు కింద పట్టి చూపించేదాకా మనకు కనబడదు. నాకు చూపించింది నా భార్య. మీ ఇంట్లో అలా చూపించేవాళ్ళు ఉంటే వాళ్ళ మీద విసుక్కోకండి.

ఇప్పుడు మన మందిరంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. వరండాలో దువ్వెన లేదు. ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ సొంత దువ్వెన ఉంది, పేరు రాసి ఇచ్చాం. పేన్లు ఉన్నాయని తెలిస్తే అమ్మగారు ఆ తల్లిని చాటుగా పిలిచి స్టీలు దువ్వెన ఇస్తుంది. తడి జుట్టును పాయలుగా విడదీసి, మొదలు నుంచి కొస దాకా దువ్వి, ప్రతిసారీ తెల్ల గుడ్డకు తుడవాలి. ఒక మాట గుర్తుంచుకోండి. తలకు కిరోసిన్ పోయకండి. మన అడవి సీతాఫలం గింజల పొడి కూడా పెట్టకండి, అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

ఆ పాప, వాళ్ళ అమ్మ చాలా నెలలు రాలేదు. నేను మళ్ళీ అడగలేదు, ప్రార్థనలో మాత్రం పేర్లు మరవలేదు. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనకు ఇద్దరూ వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. పాపకు రెండు చిన్న పిలకలు వేసి ఎర్ర రిబ్బను కట్టారు. మన తల వెంట్రుకలను లెక్కపెట్టే దేవుడు ఆ ఏడు నెలలూ వాటిని లెక్కపెడుతూనే ఉన్నాడనుకున్నాను.

ఆరాధన అయ్యాక పాప నా దగ్గరికి వచ్చి, "ఆ కట్టె దువ్వెన ఉందా అయ్యగారూ?" అని అడిగింది. తెచ్చి ఇచ్చాను. తీసుకొని ముందు వెలుగుకు పట్టి పళ్ళ మొదట్లో చూసింది. తర్వాత, "మంచిగనే ఉంది, మీ దగ్గరనే ఉంచుకోండి. నాకు మా అమ్మ కొన్నది" అని తిరిగి ఇచ్చేసింది.

అందుకే అది నా బల్ల మీద ఉంది. వారానికోసారి కడుగుతాను, ఎవరూ వాడకపోయినా.

ప్రార్థన: ప్రభువా, ఇతరుల తలల మీద చెయ్యి వేయకముందు నా చేతిని చూసుకునే మనసు ఇవ్వు. నా మాట వల్ల నీ మందిరానికి దూరమైన ప్రతి చిన్న బిడ్డను నీవే దగ్గరకు తీసుకో. ఆమేన్.