రుసుము లేని తౌబా

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుని ఇంటికి గత నెల వెళ్ళాము. ఇషా నమాజు తర్వాత అతను కంప్యూటరులో ఏదో ఆట ఆడుతూ ఉంటే, ఏమిటిదని అడిగాము.

"మామూ, నా యోధునికి నేర్పిన విద్యలు సరిగా కుదరలేదు. బంగారం చెల్లించి అన్నీ చెరిపివేసి, మళ్ళీ మొదటినుంచి నేర్పుతున్నాను" అన్నాడు. అది ఆటలో సంపాదించిన బంగారమే. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట వచ్చినప్పుడు ఇందుకు మొదటిసారి 1 నాణెం, రెండోసారి 5, అలా పెరుగుతూ 50 వరకు తీసుకునేవారట.

నవ్వుకున్నాము గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ప్రభువు వద్ద తౌబాకు రుసుము లేదు. ఎన్నిసార్లు మరలి వచ్చినా వెల పెరగదు. పాపాన్ని విడిచిపెట్టాలి, పశ్చాత్తాపపడాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. తోటి మనిషి హక్కుకు భంగం కలిగించి ఉంటే, ఆ హక్కును అతనికి అప్పగించాలి, లేదా అతని క్షమాపణ పొందాలి. ఏళ్ళ తరబడి మేము విద్యార్థులకు చెబుతున్న పాఠమిది.

ఇరవై ఏళ్ళ క్రితం హిఫ్జ్ తరగతిలో ఒక పిల్లవాణ్ణి, "నీకు ఖుర్ఆన్ కంఠస్థం కాదు, పో" అని అందరి ముందు అవమానించాము. అతను మళ్ళీ మదరసాకు రాలేదు. ఆ విషయమై అల్లాహ్‌ను ఎన్నోసార్లు క్షమాపణ వేడుకున్నాము. అతణ్ణి ఒక్కసారైనా అడగలేదు.

అతను గచ్చిబౌలిలో ఆటో నడుపుతున్నాడని విన్నాము. ఈ శుక్రవారం జుమా నమాజు కాగానే వెళ్తున్నాము. అతను క్షమించేలా దుఆ చేయండి.