మెదక్ గుండ్లు, మన ఒండ్రు

మెదక్, ఆషాఢం, రాత్రి

నాన్నగారూ,

ఇక్కడ వాన పట్టుకుంది, దాంతోపాటు నా గొంతూ పట్టేసింది. అమ్మకి మాత్రం చెప్పకండి, మిరియాల కషాయం కాచుకునేదాకా ఫోన్ పెట్టనివ్వదు. చర్చి చూశాను. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది, గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. మిగతాది ఫొటోల్లో చూద్దురుగాని. నేను రాయాలనుకున్నది కోట ఉన్న గుట్ట గురించి. కొని తెచ్చుకుంటే తప్ప రాయి కనబడని కోనసీమ వాళ్ళకి ఈ ఊరి చుట్టుపక్కల గుండ్లు వింతగానే ఉంటాయి. ఇల్లంత గుండు మీద ఇంకో గుండు నిలబడి ఉంటే ఎవరో పేర్చారనో, అగ్నిపర్వతం విసిరిందనో, ఏ ప్రళయంలోనో కొట్టుకొచ్చాయనో అనుకోవడం సహజం. కానీ ఈ గుండ్లు ఎక్కడినుంచీ రాలేదు. ఈ గుట్టా పైకి లేచింది కాదు. చుట్టూ నేల అరిగి కిందికి దిగిపోతే మిగిలింది. దీన్ని చెక్కింది నీరు, అదీ చాలావరకు భూమి లోపల, చీకట్లో.

ఇంత ధీమాగా ఎలా చెప్పగలమంటే, సాక్ష్యం రాతిలోనే ఉంది. ఇది గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. కంటికి విడివిడిగా కనిపించేంత పెద్ద పలుకులున్నాయంటే, కరిగిన రాయి నేల కింద కిలోమీటర్ల లోతున మెల్లగా చల్లారిందన్నమాట. అగ్నిపర్వతం బయటికి కక్కితే గబగబా చల్లారి, పలుకులు కంటికి ఆనని సన్నటి రాయి అవుతుంది. అలాంటిది చూడాలంటే పడమరగా జహీరాబాద్ వైపు వెళ్ళాలి. అక్కడ 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా పరుచుకుని ఉంది, దాని మీదే రేగడి. ఇక ప్రళయం మాట. పక్కపక్కనున్న రెండు గుండ్లలో తెల్లటి పలుగురాతి చార ఒకే వరసలో సాగితే, అవి రెండూ ఒకప్పుడు ఒకే బండ అనక తప్పదు. వరద దొర్లించుకొచ్చిన రాళ్ళకి ఆ వరస కుదరదు. అన్నిటికన్నా గట్టి రుజువు బావుల్లో దొరుకుతుంది. పైన ఎర్రటి చెల్క నేల, దాని కింద గడ్డపారకి లొంగే మొరం, ఆ మొరంలో అక్కడక్కడ గునపం మోగే గుండ్రటి గట్టి రాళ్ళు, అన్నిటికీ అడుగున బండ. అంటే గుండ్లు నేలలోనే తయారవుతున్నాయి. పైన మట్టి కొట్టుకుపోయాక బయటపడి, మనకి పేర్చినట్టు కనిపిస్తాయి.

తయారయ్యే తీరు కూడా చెప్పాలి. మీదున్న బరువు తొలగేకొద్దీ బండ సడలి, నిలువుగా అడ్డంగా పగుళ్ళిస్తుంది. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కి, ఆ పగుళ్ళలోకి దిగుతుంది. గ్రానైట్‌లో ఎక్కువ భాగం ఉండే ఫెల్డ్‌స్పార్ ఈ నీటికి మెత్తబడి బంకమన్ను అవుతుంది, నల్ల అభ్రకం ఉబ్బి చుట్టూ ఉన్న పలుకుల్ని విడదీస్తుంది, స్ఫటికం మాత్రం దేనికీ లొంగక ఇసుకగా మిగులుతుంది. పగుళ్ళ మధ్య చిక్కిన రాతి దిమ్మెకి ముఖం మీద ఒకవైపు నుంచే నీరు తగులుతుంది, అంచు మీద రెండు వైపులనుంచి, మూల మీద మూడు వైపులనుంచి. అందుకే ముందు మూలలు పోతాయి, తర్వాత అంచులు, చివరికి దిమ్మె గుండ్రమవుతుంది. పగుళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నచోట అంతా మొరమైపోయి పల్లమయింది, దూరందూరంగా ఉన్నచోట గుట్ట నిలిచింది. కాకతీయులు కోటకి ఈ చోటు ఎంచుకోకముందే, గట్టి చోటేదో నీళ్ళు తేల్చేశాయి.

మెదక్, మర్నాడు సాయంత్రం

నాన్నగారూ,

గొంతు నయం. మంజీర నది మీది ఏడుపాయలకి ఆటో బేరం ఎలా సాగిందో తమ్ముడికి విడిగా రాస్తాను, వాడైతే సగానికి తెగ్గొట్టేవాడినని కోతలు కోస్తాడు. మీరు ఫోన్లో అన్న మాటే పట్టుకుని కూర్చున్నాను. పగలు కాగి రాత్రి చల్లారి రాళ్ళు పగులుతాయని మీరు బళ్ళో చెప్పేవారు, మరి నీటికే అంత గొప్ప ఎందుకు అన్నారు. ఈ సందేహాన్ని 1936లో గ్రిగ్స్ అనే అమెరికన్ పరీక్షించి చూశాడు. గ్రానైట్ ముక్కని దాదాపు 90 వేల సార్లు కాచి చల్లార్చాడు, రోజుకొకసారి లెక్కన 244 ఏళ్ళ ఎండాచలీ అన్నమాట. పొడిగా ఉన్నంతకాలం రాయి చెక్కుచెదరలేదు. నీళ్ళు చల్లి చల్లార్చడం మొదలుపెట్టాక త్వరలోనే పగుళ్ళు కనిపించాయి. అయితే ఆయన ముక్క చిన్నది, నాలుగు వైపులా స్వేచ్ఛగా వ్యాకోచించగలదు, కొండలోని బండకి ఆ వీలు లేదు. ఉన్న పగులుని ఎండ ఇంకాస్త సాగదీస్తుందని తర్వాతివాళ్ళు చూపించారు కూడా. గుండ్ల మీద ఉల్లిపొరల్లా లేచే పెచ్చుల్లో మీ ఎండకీ వాటా ఉంది, ఒప్పుకుంటాను. కానీ గుండ్రదనం దానిది కాదు. ఎండ ఎన్నడూ తగలని బావి లోతుల్లోనూ రాళ్ళు గుండ్రంగానే ఉన్నాయి. పైగా ఏడు వందల ఏళ్ళుగా ఎండకి కాగుతున్న కోట గోడల్లో రాళ్ళ అంచులు ఇంకా నిలిచే ఉన్నాయి. వాన నీరు నిలవక జారిపోయే పొడి రాయి బతుకుతుంది, తడి మట్టిలో కూరుకున్న రాయి కుళ్ళుతుంది.

మీ రెండో ప్రశ్న ఇంకా గట్టిది. పది లక్షల ఏళ్ళకి కొన్ని మీటర్లు అరిగే రాయితో మనకేం పని? ఆ జవాబు ఏడుపాయల దగ్గర ఉంది. మంజీర అక్కడ బండల మధ్య ఏడు పాయలుగా చీలి, వనదుర్గ గుడి చుట్టూ తిరిగి మళ్ళీ కలుస్తుంది. ఆ పాయల్లో ఉన్న ఇసుక ఈ గుట్టల స్ఫటికమే, ఎర్ర నీళ్ళలో తేలేది ఈ ఫెల్డ్‌స్పార్ బంకమన్నే. మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టి వచ్చే ఈ నది సంగారెడ్డి దాటాక ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి దగ్గర గోదావరిలో పడుతుంది. అక్కడినుంచి దారి మీకు తెలుసు. మన లంకల ఒండ్రులో లావా రేగడి పాలు ఎక్కువే కావచ్చు, గోదావరి పుట్టిందే ఆ రాతి మీద. కానీ ఈ ఎర్ర గుట్టల పాలూ అందులో ఉంది. నేల అరగడం అంటే ఇక్కడివాళ్ళకి నష్టం అనిపిస్తుంది, మనకది కొబ్బరితోట. నెమ్మదైన పనే, కానీ వేల చదరపు కిలోమీటర్ల మీద ఏటా జరుగుతుంటే కొన్ని వేల ఏళ్ళలో ఒక డెల్టా లేచి నిలబడింది.

ఇప్పుడు డెల్టాకి మట్టి చేరే ఆ లెక్క తప్పుతోంది. మంజీర మీద 1931 నాటికే నిజాంసాగర్ ఆనకట్ట ఉంది, తర్వాత సింగూరు వచ్చింది, గోదావరి మీద శ్రీరాంసాగర్. గోదావరి సముద్రానికి చేర్చే మట్టి 1970ల నాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గింది, డెల్టా అంచున తీరం కోతకు గురవుతోంది. ఆనకట్టలు లేకపోతే ఈ ఎగువ రైతు ఏం తింటాడని మీరు అడుగుతారు. న్యాయమే. ఇక్కడ ఒక్క పంటైనా చూసినవాళ్ళెవరూ వాటిని తీసేయమనరు, నేనూ అనను. నేననేది వేరు. గుట్టని పిండి చేసి కంకర అమ్మడం, నదిలో ఇసుక తోడడం, జలాశయంలో పూడిక చేరడం, మన తీరం తరగడం, వీటిని నాలుగు శాఖల నాలుగు ఫైళ్ళలో పెట్టి ఎవరిది వారు చూసుకుంటున్నారు. ఇది ఒక్క మట్టి ప్రయాణమే, మధ్యలో ఎక్కడ పట్టినా కింద తెలుస్తుంది. ఆనకట్ట కట్టేముందు నీళ్ళ లెక్కతోపాటు మట్టి లెక్క కూడా వేసి, దిగువ వాళ్ళ వాటా అందులో రాయాలి. చెరువు పూడికని చెల్కలకి తోలే అలవాటు ఇక్కడ పాతదే. పెద్ద జలాశయాల్లో అలా తీయడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చుకి ఎదురుగా పెట్టాల్సింది మన వైపు పోతున్న ఎకరాల ధర.

రేపు బోధన్ మీదుగా కందకుర్తి వెళ్తున్నాను. పెరట్లో కొత్త కొబ్బరి మొక్కలకి నీళ్ళు మానొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి. అమ్మ బీపీ మాత్రలు అయిపోయే రోజు శుక్రవారం.

మీ అమ్మాయి